స్వచ్ఛందంగా వచ్చిన కప్పలు

మాది స్థావరేతర ఆస్తుల పరిరక్షణ శాఖ. పేరు విన్నవాళ్లు ముందు గౌరవంగా తలూపుతారు, తర్వాత "అంటే ఏం చేస్తారండీ?" అని అడుగుతారు. సర్వీసంతా అందులోనే గడిపినా ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు. భూములూ భవనాలూ కానివి మా పరిధిలోకి వస్తాయని మా మాన్యువల్ చెబుతుంది. ఏవి వస్తాయో చెప్పదు. అందువల్ల మాకు పరిధి ఎక్కువ, పని తక్కువ. నేను ఆ శాఖకు జిల్లా అధికారిని. నా గదికి ఏసీ ఉంది, బల్ల మీద గాజు పలక ఉంది, పలక కింద దేవుడి పటాలున్నాయి. ఇంతటి మనిషిని ఒక నీటిగుంత ఎలా ఆడించిందో చెబుతాను.

ఉద్యోగంలో నేను తిరగని ఊరు లేదు. మా ఆవిడ వకుళ ప్రతి ఊళ్లోనూ అద్దెంటి పెరట్లో ఏదో ఒకటి నాటేది. అది కాపుకొచ్చే వేళకు నాకు బదిలీ ఆర్డరు వచ్చేది. ఒక ఊళ్లో దానిమ్మ, ఒక ఊళ్లో మల్లెపందిరి, ఇంకో ఊళ్లో చిక్కుడు పాదు. మా తర్వాత వచ్చినవాళ్లు తిన్నారు, తురుముకున్నారు, వండుకున్నారు. చివరికి వానలకు కరువైన ఈ ఊళ్లో, శివారున, సొంత ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడే వెనక ఖాళీ జాగా చూపించి వకుళ అడిగింది.

"ఇక్కణ్నుంచి మనల్ని ఎవరూ లేపలేరు కదా. నాకొక చిన్న కొలను కావాలండీ. తెచ్చి పోయాల్సిన పని లేకుండా, తన బతుకు తనే బతికేది."

తవ్వింది నేనే. పార పట్టుకుని బనీనుతో నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాను. ఫోటో అయిన కాసేపటికే నడుం పట్టేసింది. మిగతాదంతా వకుళ కూలీలతో తవ్వించింది. కోలగా రావాల్సిన గుంత నేను మొదలుపెట్టిన చోట వంకర తిరిగి, పక్క నొక్కుకుపోయిన గుమ్మడికాయ ఆకారంలో తేలింది. అంచు పొడవునా మొక్కల కోసం లోతు తక్కువ మెట్టు, మధ్యలో చేపల కోసం నడుంలోతు. అడుగున ఇసుక, ఇసుక మీద దళసరి టార్పాలిన్, దాని మీద చెరువు మట్టి. మేడ మీది వాననీటి గొట్టాన్ని అందులోకి తిప్పించింది. కలువ దుంపలు, తుంగ, నాచు నాటింది. వేలెడు లేని పరిగె చేపల్ని వదిలింది.

మొదటి నెలలో నీళ్లు పాలకూర పప్పు రంగుకు తిరిగాయి. మొత్తం తోడేసి, తోమి, మళ్లీ నింపుదామన్నాను. నా నడుం ఒప్పుకోలేదు. "దాని మానాన దాన్ని వదిలేద్దాం" అంది వకుళ. వదిలేశాను. అందులో నా విజ్ఞానం ఏమీ లేదు, శుద్ధ బద్ధకం. నెమ్మదిగా నాచు పెరిగింది, కలువాకులు ఎండకు అడ్డుపడ్డాయి, చేపలు దోమపిల్లల్ని తినేశాయి. ఒకరోజు చూస్తే నీళ్ల అడుగున మట్టి కనిపిస్తోంది. ఒక వానకు ఎక్కణ్నుంచో కప్పలు కూడా వచ్చి కాపురం పెట్టాయి. వంట పని అయ్యాక వకుళ గట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకునేది. చేపలొచ్చి కాలివేళ్లను పలకరించి పోయేవి. ఇన్ని ఊళ్లలో ఆమె ముఖం అంత నిమ్మళంగా నేను చూడలేదు. నాకు చాలా సంతోషంగా ఉండేది.

సంతోషం వస్తే ఊరుకునే స్వభావం నాది కాదు. కొలను ఫోటో తీసి మా శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఇలా రాశాను: "నేను నిర్మించిన స్వయంపోషక కొలను. మానవ ప్రమేయం శూన్యం."

కాసేపటికే మా డైరెక్టరు మార్తాండరావు గారు ఫోన్ చేశారు. ఆయన ఉత్సాహానికి పెట్టింది పేరు. సిబ్బంది నవ్వితేనే హాజరు పడే బయోమెట్రిక్ యంత్రం కొనాలని ప్రభుత్వానికి ప్రతిపాదన పంపిన మనిషి.

"మీరు తవ్వింది కొలను కాదండీ," అన్నారు. "అదొక పరిపాలనా నమూనా. అది నిధులు అడగదు, సిబ్బందిని అడగదు, సెలవు అడగదు. ఇటువంటి యూనిట్ మన శాఖలోని ప్రతి కార్యాలయ ప్రాంగణంలోనూ నెలకొల్పబడవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. మార్గదర్శకాలు మీరే రూపొందిస్తున్నారు. నోడల్ అధికారి కూడా మీరే."

ఎవరైనా పొగిడితే నా బుర్ర పనిచేయడం మానేస్తుంది. "తప్పకుండా సార్" అన్నాను.

మర్నాడు మా సూపరింటెండెంట్ నాగమునిని కూర్చోబెట్టుకుని మార్గదర్శకాలు మొదలుపెట్టాను. నాగముని ఈ జిల్లా మనిషి. ఏ పని చెప్పినా కాదనడు, అది తిన్నగా జరగనివ్వడు కూడా. ఉన్నది ఉన్నట్టు రాయబోతే నాకే నామోషీ అనిపించింది. గుమ్మడికాయ ఆకారం అని ప్రభుత్వ ఉత్తర్వులో ఎలా రాస్తాం? దీర్ఘచతురస్రం అని రాశాను. లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అంటే ఎవరైనా డబ్బు తిన్నారనుకుంటారు. అంతటా సమానం అని రాశాను. టార్పాలిన్ అంటే పేదగా ఉంటుందని నీలం టైల్స్ అన్నాను. చుట్టూ ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం, ఎదురుగా బోర్డు. మానవ ప్రమేయం శూన్యం కాబట్టి, ఒకసారి నింపాక ఎవరూ ముట్టుకోరాదని రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీయించాను. రాస్తున్నకొద్దీ నా కొలను కంటే నా మార్గదర్శకాలే బాగున్నాయనిపించింది.

"కప్పల సంగతి ఏం రాయాల సార్?" అన్నాడు నాగముని.

"అవి వాటంతటవే వస్తాయయ్యా. మా ఇంటికి అలాగే వచ్చాయి."

"ఆడిట్టోళ్లు ఒప్పుకోరు సార్. ఎవరు పిలిస్తే వచ్చినాయని అడుగుతారు. మనం గట్టిగా రాసి పెట్టుకోవాల."

గట్టిగానే రాశాం. 'కప్పలను కొనుగోలు చేయరాదు, తరలించరాదు, ప్రలోభపెట్టరాదు. అవి స్వచ్ఛందంగా రావలెను.' మార్తాండరావు గారికి ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, దాన్ని ఉత్తర్వు పైభాగానికి మార్పించారు.

మా ఆఫీసు ఆవరణలో సైకిల్ స్టాండు తీసేసి యూనిట్ కట్టాం. నీలం టైల్స్ తళతళలాడుతున్నాయి. ట్యాంకరుతో నింపాం. దాన్ని ప్రమేయం అనకుండా ప్రారంభ పూరణ అన్నాం. చేపలకూ కలువ దుంపలకూ మా పెరడే దిక్కయింది. "ఆఫీసువాళ్లు అడుగుతున్నారు" అంటే వకుళ కొన్ని చేపల్ని బిందెలో వేసి ఇచ్చింది. "తిన్నగా చూసుకోమనండి" అంది. చూసుకోవడం మార్గదర్శకాలకు విరుద్ధమని నేను చెప్పలేదు.

ఇక కప్పల కోసం ఎదురుచూపు. ప్రతి వారం వీడియో కాన్ఫరెన్సులో మార్తాండరావు గారి మొదటి ప్రశ్న ఒకటే. "కప్పల పురోగతి ఎంతవరకు వచ్చింది?"

ఒక జిల్లా అధికారి లేచి, కప్పలు సానుకూలంగా స్పందిస్తున్నాయన్నాడు. ఇంకొకాయన, కప్పలు మార్గమధ్యంలో ఉన్నాయన్నాడు. నోడల్ అధికారిని నేను, నా యూనిట్‌లో ఒక్క కప్పా లేదు. తల దించుకున్నాను. మీటింగు కాగానే నాగముని నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"సార్, కాలువ కాడ కప్పలు శానా ఉండాయి. గోతంలో పట్టుకొచ్చి మన గేటు బయట వదిలేద్దాం."

"తరలించరాదు అని మనమే రాశాం కదయ్యా."

"గేటు దాకానే కదా సార్ మనం తెచ్చేది. ఆడనుంచి లోపలికి వచ్చేది వాటిష్టం. స్వచ్ఛందమే అయితాది."

ఆ తర్కంలో నాకు లోపం కనిపించలేదు. కనిపించలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మర్నాడు పొద్దున గోతాం విప్పాం. నేను గేటుకు ఒక పక్కన, నాగముని ఇంకో పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాం, పెళ్లివారిని ఎదుర్కొంటున్నట్టు. కప్పలు మా వైపు చూశాయి, మా నీలం టైల్స్ వైపు చూశాయి, గిరుక్కున తిరిగి రోడ్డు దాటి ఎదురాఫీసులోకి వెళ్లిపోయాయి. అక్కడ కుళాయి ఒకటి ఎప్పటినుంచో కారుతూ ఉంటుంది. ఆ వారం నివేదికలో, కప్పల స్వచ్ఛందత సంపూర్ణంగా నిరూపితమైందనీ, దిశ మాత్రం సవరించవలసి ఉందనీ రాశాను.

కప్పలు రాలేదు గాని దోమలు వచ్చాయి. వాటికి మార్గదర్శకాలు లేవు కాబట్టి ధారాళంగా వచ్చాయి. వాటి వెనకే మలేరియా విభాగం నుంచి హరూన్ బాషా గారు వచ్చారు. మర్యాదస్తుడు. గరిటె లాంటిది నీళ్లలో ముంచి, పైకెత్తి, దోమపిల్లల్ని నాకు చూపించి నమస్కారం పెట్టారు.

"సార్, శుక్రవారం డ్రై డే. నీళ్లు నిలవ ఉండేది ఏదైనా శుక్రవారం ఖాళీ చేసి ఆరబెట్టాల. తొట్లు, డ్రమ్ములు, పూలకుండీలు, ఇదీ."

"ఇది స్వయంపోషక యూనిట్ అండీ. ముట్టుకోకూడదు. చేపలు వాటిని తినేస్తాయి, కొన్నాళ్లు ఓపిక పడితే."

"తింటాయి సార్, నాకూ తెలుసు. ఆర్డర్లో ఓపిక అని లేదు. ఇండ్లకైతే తీరిక ఉన్నప్పుడు పోతాం. ఆఫీసు మాత్రం మేం ఫోటో తీసి పైకి పంపాల."

నేను మా ఉత్తర్వు చూపించాను, ఆయన వాళ్ల ఉత్తర్వు చూపించారు. రెండూ అమల్లోనే ఉన్నాయి. ఒకదాని ప్రకారం ముట్టుకోరాదు, ఇంకోదాని ప్రకారం ఖాళీ చేయాలి. మార్తాండరావు గారికి ఫోన్ చేస్తే ఆయన తడుముకోలేదు. "ఉత్తర్వులు పరస్పర విరుద్ధంగా ఉండవండీ. అమలుపరిచే అధికారిలో సమన్వయ లోపం ఉంటుంది. రెంటినీ అమలుపరచండి."

సమన్వయం చేశాను. శుక్రవారం పొద్దున్నే గ్రిల్లు తాళం తీసి, నీళ్లన్నీ తోడి, టైల్స్ తుడిచి ఆరబెట్టాలి. శనివారం మళ్లీ ప్రారంభ పూరణ. కలువ దుంపల్ని తడిగోనెలో చుట్టి రికార్డు రూములో పెట్టాం. చేపల్ని బకెట్లలో వేశాం. హరూన్ బాషా గారు బకెట్ల దగ్గర ఆగిపోయారు.

"ఇవీ నిలవ నీళ్లే కదా సార్."

"చేపలు మరి నీళ్లు లేకుండా ఎలా ఉంటాయండీ?"

"నన్నేం చేయమంటారు సార్. నిలవ నీళ్లు ఉండకూడదు."

అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "బాషా గారూ, ఒకచోట కదలకుండా ఉంటేనే కదా నిలవ నీళ్లు? కదులుతూ ఉంటే?"

ఆయన తన ఉత్తర్వును ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు. "కదిలే నీళ్ల గురించి ఏమీ లేదు సార్" అన్నారు.

అంతే. ఆ శుక్రవారం నుంచి మా సిబ్బంది తలా ఒక బకెట్టు పట్టుకుని, ఆఫీసు తెరిచింది మొదలు మూసేదాకా వరండాలో నడవడం మొదలుపెట్టారు. ఒకరి చెయ్యి నొప్పి పుడితే ఇంకొకరు అందుకోవాలి, కింద పెట్టకూడదు. పెడితే అది నిల్వ. చేపలు పర్యటనలో ఉన్నట్టు ఆఫీసు ఆర్డరు ఇచ్చాను. భోజనం కూడా నడుస్తూనే తినే ఏర్పాటు జరిగింది. ఏదో దరఖాస్తు పట్టుకుని పల్లె నుంచి వచ్చిన ఒకాయన నాగముని పక్కనే వరండా ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తూ తన గోడు చెప్పుకున్నాడు. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు నాగముని బకెట్టు ఆయన చేతికిచ్చి, "నిలబడొద్దు పెద్దాయనా, తిరుగుతా ఉండు" అన్నాడు. పాపం ఆయన సాయంత్రం దాకా తిరిగాడు. దేనికోసం వచ్చిందీ మర్చిపోయి వెళ్లిపోయాడు.

మార్తాండరావు గారు ఈ సంగతి విని ముచ్చటపడ్డారు. దీన్ని జలచర సంచార దినంగా అన్ని జిల్లాల్లోనూ పాటించాలన్నారు. సిబ్బంది ఆరోగ్యం కూడా మెరుగవుతుందన్నారు. రాష్ట్రమంతటా మా శాఖ శుక్రవారాలు నడవసాగింది.

నడిపించడానికి చేపలు కావాలి కదా. జిల్లా జిల్లా నుంచీ జీపులు మా ఇంటికి రావడం మొదలైంది. మా పెరటి కొలనును ఉత్తర్వుల్లో మాతృ యూనిట్‌గా ప్రకటించారు. ఒకరు కలువ దుంపలు అడిగారు, ఒకరు నాచు అడిగారు, ఒకరు అడుగున మట్టిని కొబ్బరి ప్రసాదంలా చిన్న సంచిలో కట్టించుకున్నారు. వకుళ మొదట్లో టీ ఇచ్చేది. తర్వాత మంచినీళ్లు ఇచ్చేది. తర్వాత గేటు తాళం పెట్టింది.

"అన్ని ఊళ్లలోనూ నాటినవి వదిలేసి వచ్చాను," అంది ఒక సాయంత్రం. "ఇక్కడ మనం ఉండగానే పట్టుకుపోతున్నారు. మీరు ఏం చేస్తారో నాకు తెలియదు. నా కొలనును మాత్రం మీ ఆఫీసు ముట్టుకోకూడదు."

"నేనుండగా ఎవరు ముట్టుకుంటారు?" అన్నాను. ఆ మాట అన్న వారంలోనే మార్తాండరావు గారు మాతృ యూనిట్ తనిఖీకి వచ్చారు.

వచ్చేసరికి వకుళ గట్టు మీద కూర్చుని ఉంది, పాదాలు నీళ్లలో ఉన్నాయి. చుట్టూ తుంగ, మధ్యలో విచ్చిన కలువలు, వాటి మీద తూనీగలు. డైరెక్టరు గారు కొలను వైపు చూడలేదు. చేతిలోని మార్గదర్శకాల వైపు చూశారు. అవి నేను రాసినవే.

"ఆకారం దీర్ఘచతురస్రం కాదు," అన్నారు. "లోతులో సమానత్వం లోపించింది. నీలం టైల్స్ లేవు. గ్రిల్లు లేదు, బోర్డు లేదు. మరి ఇదేమిటి?" వకుళ పాదాల వైపు వేలు చూపించారు. "ఇది ప్రత్యక్ష మానవ ప్రమేయం కదండీ."

"కాళ్లండీ," అంది వకుళ.

"కప్పలు ఉన్నాయి సార్," అన్నాను ఆశగా. "స్వచ్ఛందంగా వచ్చాయి."

"దానికి ఆధారం ఏమిటి? అవి వచ్చిన సమయంలో బాధ్యతాయుతమైన అధికారి ఎవరైనా ఉన్నారా?" ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "మాతృ యూనిట్టే నిబంధనలకు లోబడి లేదని తెలిస్తే పథకం పరువు పోతుంది. దీన్ని నిబంధనల మేరకు పునర్నిర్మించండి. లేదా పూడ్చివేసి నివేదిక సమర్పించండి. నోడల్ అధికారిగా నోటీసు మీరే జారీ చేయాలి. మన ఇల్లు కదా అని ఉపేక్షించకండి."

నోటీసు నేనే జారీ చేశాను, నేనే అందుకున్నాను, అందినట్టు సంతకం కూడా పెట్టాను. సంజాయిషీకి గడువు నాకు నేనే ఇచ్చుకున్నాను. ఇంకాస్త ఎక్కువ ఇచ్చుకోవాల్సిందని తర్వాత అనిపించింది. సంజాయిషీ రాశాను. ఎంతో జాలి పుట్టేలా రాశాను. మర్నాడు ఆఫీసులో దాన్ని చదివి, సంతృప్తికరంగా లేదని తిరస్కరించాను. మరి నా మార్గదర్శకాలు అంత కట్టుదిట్టంగా ఉన్నాయి.

ఇంటికొచ్చి నోటీసు వకుళకు చూపించాను. ఆమె చదివి మడిచి నా చేతిలో పెట్టింది.

"పూడ్చే రోజు చెప్పండి. మా అక్కయ్య వాళ్లింటికి వెళ్తాను. మళ్లీ ఎప్పుడొస్తానో మాత్రం అడగొద్దు."

కోపంగా అనలేదు. అందుకే భయం వేసింది. ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో ఒక్క ఆర్డరూ ఎగ్గొట్టనివాణ్ని, ఆ సాయంత్రం కొలను గట్టున కూర్చుని, ఇది పూడిస్తే నాకిక ఇల్లు అనేది ఉండదని మొదటిసారి తేటగా తెలుసుకున్నాను. అన్నం సయించలేదు.

మర్నాడు శుక్రవారం. వరండాలో బకెట్టు పట్టుకుని నడుస్తూ నాగమునితో విషయం చెప్పాను. ఆఫీసు చేపలు చాలావరకు పోయాయి, మిగిలినవి బకెట్టు అడుగున నోళ్లు తెరుస్తున్నాయి. నాగముని బకెట్టు చెయ్యి మార్చుకున్నాడు.

"సార్, నడవాల అనుంది గాని, యాడ నడవాల అనేది ఆర్డర్లో ఉందా?"

"లేదు."

"అయితే పదండి సార్."

ఇద్దరం బకెట్లతో గేటు దాటాం. బజారు గుండా నడిచాం. టీకొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు, ఎవరికో సంతాపం తెలపడానికి వెళ్తున్నామనుకుని. మా ఇంటికి చేరి, బకెట్లు కొలనులో వంచాం. చేపలు కాసేపు ఉన్నచోటే ఉండి, తర్వాత నాచులోకి దూరిపోయాయి. వకుళ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. లోపలికెళ్లి నాగమునికి టీ తెచ్చి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆఫీసు మనిషికి టీ దొరికింది. చేపలు పర్యటనలో ఉన్నట్టు మా ఆఫీసు రికార్డుల్లో ఇప్పటికీ ఉంది.

ఆ రోజే, మాతృ యూనిట్ నిబంధనల మేరకు పూడ్చివేయబడినదని నివేదిక పంపాను. నా జీవితంలో మొట్టమొదటి అబద్ధపు నివేదిక అంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. కానీ భయపడుతూ పంపింది మాత్రం అదొక్కటే.

భయపడినంతా జరిగింది. మార్తాండరావు గారు పూడ్చివేత ధ్రువీకరణకు స్వయంగా బయల్దేరారు. అంతకుముందు రోజు ఊళ్లో వాన కూడా పడింది. ఎన్నాళ్లకో పడింది. మేము కొలను మీద వెదురు బద్దలు పరిచాం, వాటి మీద తడికలు, తడికల మీద పాత చీరలు. చీరల మీద వకుళ పెరడంతా అవే కనిపించేలా గుమ్మడి వడియాలు పెట్టింది. ఆకారం గురించి దిగులు పడక్కర్లేదు, వడియాలకు మార్గదర్శకాలు లేవు.

డైరెక్టరు గారు పెరటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వడియాల వైపు చూసి తృప్తిగా తలూపారు. "నేల సద్వినియోగం అయింది" అన్నారు. వకుళ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన మొదటి గుక్క తాగారో లేదో, వడియాల కింద ఒక కప్ప బెకబెకమంది. దానికి ఇంకోటి జవాబు చెప్పింది. తర్వాత అన్నీ కలిసి అందుకున్నాయి. వాన పడ్డ మర్నాడు కదా, కడుపునిండా అరిచాయి. స్వచ్ఛందంగా వచ్చాయని నేను ఇన్నాళ్లూ ఎవరికి చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు వాటంతటవే రుజువు చేసుకుంటున్నాయి.

"ఏమిటండీ ఆ శబ్దం?" అన్నారు డైరెక్టరు గారు.

వకుళ నా వైపు చూసింది. ఆ చూపులో దానిమ్మ చెట్టు, మల్లెపందిరి, చిక్కుడు పాదు అన్నీ ఉన్నాయి.

"మోటారు సార్," అన్నాను. "పక్కింటి రెడ్డెప్ప గారి బోరు మోటారు. గ్రీజు లేక అలా అరుస్తుంది."

"ఇంత దారుణంగానా?"

"వాన పడితే మరీ ఎక్కువ సార్."

ఆయన కప్పు కింద పెట్టారు. కళ్లు మూసుకుని కాసేపు విన్నారు. కళ్లు తెరిచేసరికి వాటిలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు తెలుసు.

"మోటారు స్థావరమా, స్థావరేతరమా?" అన్నారు.

"స్థావరేతరమే సార్."

"అంటే మన పరిధిలోదే. రాష్ట్రంలో ఇటువంటి మోటార్లు ఎన్ని వేలు ఉంటాయి? ప్రజల మనశ్శాంతికి ఎంత భంగం వాటిల్లుతున్నది? నిశ్శబ్ద మోటార్ల పథకం వెంటనే చేపట్టవలసిన ఆవశ్యకత ఉన్నది. కొలనుల అంశం ఇక ముగిసినట్టే. మార్గదర్శకాలు మీరే రూపొందిస్తున్నారు."

"తప్పకుండా సార్" అన్నాను. ఈసారి పొగడ్తకు కాదు, ఆయన లేచి వెళ్తారని.

ఆయన వెళ్లాక వకుళ వడియాలు తీసేసి, తడికలు ఎత్తించి, గట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ప్రమేయం ఇద్దరిదయింది.

ఆ వారంలోనే రాష్ట్రంలో మొట్టమొదటి నిశ్శబ్ద మోటారు నోటీసు రెడ్డెప్ప గారికి వెళ్లింది. కింద సంతకం నాదే. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. నోటీసు పట్టుకుని తిన్నగా మా పెరట్లోకే వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"ఏమయ్యా, గ్రీజు పెట్టించకుంటే మోటారు జప్తు చేస్తామని రాసినావు. నాకు బోరే లేదు కదా. మున్సిపాలిటీ కుళాయి తప్ప ఇంకేం లేదు నాకు."

అప్పుడే తుంగలోంచి కప్పలు మొదలుపెట్టాయి. రెడ్డెప్ప గారు నోటీసు వైపు చూశారు, కొలను వైపు చూశారు, వకుళ వైపు చూశారు. వకుళ తల వంచుకుంది. ఆయన చెప్పులు విడిచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా గట్టు మీద కూర్చుని, పంచె పైకి లాక్కుని పాదాలు నీళ్లలో పెట్టారు. చాలాసేపు విన్నారు.

"నా మోటారు బాగానే ఆడతాండాదే," అన్నారు చివరికి. నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "దీన్ని గనక రిపేరు చేపిస్తే ఊరుకోను, చెప్తాండా."